పడమటి గోలు ముందర కారం

నేను ఆడే రోజుల్లో ఒక్క తన్ను తన్నితే బంతి గోదావరి అవతల పడేదని మా ఊళ్లో చాలా ఏళ్లుగా చెబుతూ వచ్చాను. ఎవరూ నమ్మలేదు, ఎవరూ కాదనలేదు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఒప్పుకోవాలి. నేను ఫుట్‌బాల్ ఎప్పుడూ ఆడలేదు. వయసులో ఉన్నప్పుడు మిరపకాయలు అమ్మడానికి హైదరాబాదు పోయి, ఒక గ్రౌండు గోడెక్కి సగం ఆట చూశాను. మిగతా సగం మొదలయ్యేలోపు పోలీసాయన లాఠీతో పిక్కల మీద కొట్టి దింపాడు. ఆ సగం ఆట చూసిన మనిషి మా చుట్టుపక్కల నేనొక్కడినే. అందుకని జట్టుకు పెద్దను నేనే అయ్యాను.

మాది భద్రాచలం రోడ్డులో, మిరపచేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరు. మా ఆరు ఊళ్లకు కలిపి ఒక లీగు ఉంది. మిరప మొదటి కోత కల్లానికి వచ్చినప్పుడు మొదలై, ఎండలు ముదిరేలోపు ముగుస్తుంది. ఒక్కో జట్టు మిగతా ఐదు జట్లతో ఇంటి దగ్గర ఒకసారి, వాళ్ల ఊరికి పోయి ఒకసారి ఆడాలి. చివరికి అందరికంటే పైన నిలిచిన ఒక్క జట్టు పై లీగుకు పోతుంది. పై లీగు వానలు పడ్డాక ఖమ్మంలో జరుగుతుంది, పచ్చగడ్డి మీద.

ఆ గడ్డి కోసం మా కీపర్ పన్నెండేళ్లు ఎదురుచూశాడు. అతను వెల్డరు. సాయిబుల బజారులో షాపు. ఇంటి గేట్లు, ట్రాక్టర్ ట్రాలీలు చేస్తాడు. ముప్పై ఎనిమిదేళ్లు నిండాయి. మా గోలు ముందర పడి పడి అతని మోచేతులు, మోకాళ్లు పాత టైర్ల రంగుకు వచ్చాయి. ఎడమ చెయ్యి చిటికెన వేలు ఇప్పటికీ ముడవదు. రెండుసార్లు మేము రెండో స్థానం దాకా పోయి ఆగిపోయాం. ఆ రెండుసార్లూ అతను నేరుగా షాపుకు పోయి రాత్రిదాకా ఇనుము కోశాడు.

"కాకా, ఒక్కసారి గడ్డి మీద దూకాలె," అనేవాడు నాతో. "ఒక్కసారి మెత్తగ పడాలె. ఆ తర్వాత గ్లౌజులు పొయ్యిల ఏస్త."

"వేస్తవా?"

"నేను ఎయ్యకపోతే మీ కోడలు ఏస్తది. ఈ ఏడు ఆఖరని ఒట్టు పెట్టించుకున్నది."

మా గ్రౌండు గురించి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అది పేరుకు గ్రౌండు. కోత రోజుల్లో సగం ఊరి మిరపకాయలు ఆరేది అక్కడే. ఆట ఉన్న రోజు మధ్యాహ్నం అందరం కలిసి కాయలు కుప్పలు చేసి, పట్టాలు కప్పి, పక్కలకు జరిపి, నేలంతా చీపుర్లతో ఊడుస్తాం. ఎంత ఊడ్చినా గింజలు, పొడి మట్టిలో ఉండనే ఉంటాయి. అందుకే మా జట్టులో చేరిన ప్రతివాడికీ మొదట నేర్పేది బంతి తన్నడం కాదు. కింద పడితే లేచి మొహం ముట్టుకోవద్దు. చెమట తుడుచుకోవద్దు. మంట పుడితే నీళ్లు కొట్టుకోవద్దు, గీత పక్కన డ్రమ్ములో మజ్జిగ ఉంటుంది, దాంట్లో ముంచుకోవాలి. బయటి జట్లకు ఈ సంగతులు ఆలస్యంగా తెలిసేవి. తెలిసేటప్పటికి రెండు గోల్స్ పడి ఉండేవి.

ఆ ఏడు సీజన్ మొదటి నుంచీ నెత్తురే. ముదిగొండ దిక్కు నుంచి వచ్చిన జట్టుతో మొదటి ఆటలో పదకొండు తలలు పగిలాయి. సరే, పదకొండు కాదు, రెండు. అందులో ఒకటి మా రిఫరీది. ఆయన ఆట మధ్యలో ఈల పారేసి చెట్ల దిక్కు నడిచిపోయాడు. తర్వాత వెతికితే బస్ స్టాప్‌లో ఒక చెప్పుతో దొరికాడు. తర్వాతి ఆదివారం మేము వేరే ఊరికి పోతే వాళ్లు గోలు వెనకాల చెరుకు గడలు పట్టుకుని నిలబడ్డారు. మా వాడు ఒకడు కార్నర్ కొట్టడానికి పోతే వీపు మీద గడ విరిగింది. వాడు వెనక్కి తిరిగి ఆ ముక్క అందుకుని, నమిలి ఉమ్మేసి, కార్నర్ కొట్టాడు. ఇది నిజం. దీనికి నేను ఏమీ కలపలేదు. ఆ రోజే మా బ్యాకుకు మెడ కింది ఎముక విరిగింది. ట్రాలీలో దవాఖానాకు తీసుకుపోతుంటే గతుకు వచ్చినప్పుడల్లా వాడు తిట్టిన తిట్లు నాకు ఇంకా గుర్తున్నాయి. అన్నీ నా మీదే.

ఇంట్లో మా ఆవిడ నా చొక్కాల నెత్తురు మరకలు చూసి, "ఆడేది వాళ్లు గదా, నీకెందుకయ్యా ఇంత నెత్తురు?" అని అడిగేది. నేను అడ్డం పోయి ఆపానని చెప్పేవాడిని. నిజానికి మొదటి మాట అనేది నేనే. గీత పక్కన నిలబడి అవతలివాడి నడకనో, కటింగునో, వాళ్ల బంతినో ఏదో ఒకటి అనేవాడిని. వాడు నా మీదికి వస్తే మా వాళ్లు వాడి మీదికి పోయేవాళ్లు. ముసలివాడిని కొట్టరన్న ధైర్యం.

ఇట్లా కొట్టుకుంటూ, కుట్లు వేయించుకుంటూ చివరి ఆటకు వచ్చాం. సారపాక జట్టుతో, మా గ్రౌండులో. వాళ్లంతా పేపరు మిల్లుకు వచ్చే కర్ర లారీలు దింపే కుర్రాళ్లు. భుజాలు అట్లా ఉండేవి. వాళ్ల కెప్టెనే వాళ్ల స్ట్రైకర్. అడవి పల్లె నుంచి వచ్చినవాడు. తమ్ముడు కూడా జట్టులోనే ఉండేవాడు. ఇద్దరూ తమ భాషలో అరుచుకుంటూ బంతి ఇచ్చిపుచ్చుకుంటుంటే మా బ్యాకులు ఎటు పరుగెత్తాలో తెలియక నిలబడిపోయేవాళ్లు. మాకు డ్రా చాలు. వాళ్లు గెలవాలి. ఓడితే మా కీపర్ గ్లౌజులు గడ్డి చూడకుండానే పొయ్యిలోకి పోతాయి.

ఇప్పుడు నా తెలివి చెబుతాను. మా లీగులో నాణెం ఎగరేయడం లేదు. ఎవరి ఊరో వాళ్ల ఇష్టం. ఏ గోలు కావాలో ఇంటి జట్టు చెబుతుంది, వచ్చినవాళ్లు మిగిలింది తీసుకుంటారు. మేము ఎప్పుడూ మొదటి సగానికి తూర్పు గోలు తీసుకుంటాం. అట్లా చేస్తే రెండో సగంలో పొద్దు వాలి, అవతలి కీపర్ కళ్లలో ఎండ పొడుస్తుంది. అంటే మొదటి సగంలో అవతలి కీపర్ పడమటి గోలులో ఉంటాడు. అది ఏ ఏడూ మారలేదు.

కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం పడమటి గోలు ముందర నేనే ఊడుస్తానని చీపురు తీసుకున్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను ఊడవలేదు. మా కల్లం అడుగున మిగిలిన, ఎవరూ కొనని తాలు కాయల పొడి రెండు తట్టలు తెచ్చి పరిచి, పైన మట్టి చల్లాను. నాలుగు తట్టలని ఒకప్పుడు మా ఆవిడతో అన్నాను. రెండే. రెండు చాలు. విరామంలో మజ్జిగ చల్లి, శుభ్రంగా ఊడ్చేస్తే ఎవరికీ తెలియదనుకున్నాను.

ఆటకు రిఫరీ ఖమ్మం నుంచి వచ్చాడు. ఇస్త్రీ చేసిన నల్ల నిక్కరు. కెప్టెన్లను పిలిచి జేబులోంచి నాణెం తీశాడు.

"గదేంది సార్?" అన్నాడు మా కీపర్. మా కెప్టెన్ కూడా అతనే.

"టాస్."

"మా దగ్గర టాస్ ఉండదు. ఇంటోళ్లు అడిగింది ఇంటోళ్లకే."

"నా దగ్గర ఉంటది," అన్నాడు రిఫరీ.

నాణెం పైకి లేచింది. సారపాక కెప్టెన్ బొమ్మ అన్నాడు. బొమ్మే పడింది. వాడు ఒకసారి పొద్దు దిక్కు చూసి, తూర్పు గోలు చూపించాడు. మా కీపర్ గ్లౌజులు తొడుక్కుంటూ పడమటి గోలు దిక్కు నడిచాడు.

అప్పుడు నాకు ఒక నిమిషం ఉంది. కచ్చితంగా ఒక నిమిషం. బంతిలో గాలి తక్కువ ఉందని పంపు కొడుతున్నారు. నేను అరవొచ్చు. పరుగెత్తిపోయి కాలితో ఆ మట్టి గీకి చూపించొచ్చు. అప్పుడు అందరి ముందర ఒప్పుకోవాలి. నేను మజ్జిగ డ్రమ్ము మూత సర్దుతూ నిలబడ్డాను.

ఇరవై నిమిషాలు బాగానే గడిచాయి. అతను రెండుసార్లు దూకాడు. లేచినప్పుడు మోచేతులు గాలిలో ఊపుకున్నాడు. మంట మామూలు కంటే ఎక్కువ ఉన్నట్టుంది. కానీ పన్నెండేళ్ల అలవాటు, మొహం ముట్టుకోలేదు. మూడోసారి బంతి పైనుంచి వచ్చింది. కీపర్, స్ట్రైకర్ ఇద్దరూ ఎగిరారు. స్ట్రైకర్ మోచెయ్యి అతని కనుబొమ్మ మీద తగిలింది. కావాలని కాదు. అది నేను చూశాను. ఇద్దరూ కింద పడ్డారు. కనుబొమ్మ చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. బంతి ఇంకా ఆటలోనే ఉంది, ఎదురుగా స్ట్రైకర్ తమ్ముడు తన్నడానికి వస్తున్నాడు. మొహం ముట్టుకోవద్దని ఊరందరికీ నేర్పినవాడు, బంతి కనపడాలని ఆ ఒక్కసారి గ్లౌజుతో కన్ను తుడుచుకున్నాడు.

అతను అరిచిన అరుపు నేను రాయలేను. నేల మీద పడి రెండు చేతులతో కంటిని రుద్దుకున్నాడు. కారం, మట్టి, నెత్తురు అంతా లోపలికి పోయింది. స్ట్రైకర్ వంగి అతని చేతులు పట్టుకుని మొహం మీంచి లాగబోయాడు.

నేను గీత దాటి పరుగెత్తుతూ అరిచాను: "కండ్లల్ల కారం కొట్టిండ్రు. కారం తెచ్చి కొట్టిండ్రు మావోడికి."

ఆ మాట ఎందుకన్నానో చాలా రోజులు ఆలోచించాను. ఎవరైనా ఆ మట్టి చూస్తారేమోనన్న భయం. అంతే.

మా ఊరు మొత్తం గ్రౌండులోకి దిగింది. చీపుర్లు, పట్టాలు కట్టిన వాసాలు, మజ్జిగ చెంబులు, ఏది దొరికితే అది. స్ట్రైకర్‌ను మధ్యలో వేసుకుని తొక్కారు. వాడు ఎడమ చెయ్యి తల మీద పెట్టుకుంటే ఆ చేతి మీదే వాసం పడింది. ఎముక విరిగిన చప్పుడు, ఎండిన మిరప తొడిమ విరిచినంత చిన్నగా వినిపించింది. వాడి తమ్ముడు వాడి మీద అడ్డంగా పడుకుని తమ భాషలో ఏదో అరుస్తూనే ఉన్నాడు. రిఫరీ నల్ల నిక్కరు చిరిగింది. వాళ్లు వచ్చిన డీసీఎం వ్యాను అద్దాలన్నీ పగిలాయి. ఇరవై మందికి దెబ్బలు తగిలాయంటే నేను కలిపానని మీరు అనుకుంటారు. నేను లెక్కపెట్టలేదు. ఈ ఒక్కచోట నాకు కలపడానికి ధైర్యం లేదు.

ఎవరో సెల్లులో తీసిన వీడియో ఆ సాయంత్రమే అన్ని ఊళ్లకూ పోయింది. అందులో దుమ్ము, దుమ్ములో స్ట్రైకర్ చేతులు మా కీపర్ మొహం దగ్గర. అంతే కనపడుతుంది. లీగు కమిటీ నన్ను పిలిచి అడిగితే, స్ట్రైకర్ మొలలోంచి పొట్లం తియ్యడం చూశానన్నాను. పొట్లం రంగు కూడా చెప్పాను. పచ్చది. ఆట మాకు ఇచ్చారు. స్ట్రైకర్‌ను ఏడాది ఆడకుండా పక్కనపెట్టారు. మేము పై లీగుకు పోయినట్టు కాగితం వచ్చింది.

కీపర్ కుడికన్ను నల్లగుడ్డు మీద పుండు పడింది. ఖమ్మం పెద్దదవాఖానాలో నెల రోజులు తిరిగాడు. పుండు మానింది, దాని చోట తెల్లమచ్చ మిగిలింది. ఆ కంటితో వెలుతురు తెలుస్తుంది, మనిషి తెలియడు. బంతి ఎంత దూరంలో ఉందో ఒక్క కన్ను చెప్పలేదు.

"పోయిండ్రు గదా కాకా పైకి," అన్నాడు దవాఖానాలో. "నా తర్వాతి కీపరోడికి నా గ్లౌజులియ్యి. గడ్డి మీద వాటినన్నా దూకనియ్యి."

నేను యాపిల్ పండ్లు మంచం మీద పెట్టి వచ్చేశాను.

వానలకు ముందు ఒక పొద్దున నేను అతని షాపులో కూర్చుని చాయ్ తాగుతున్నాను. ఒక గేటు సగం అతికి నిలబెట్టి ఉంది. ఆ స్ట్రైకర్ వచ్చాడు. చేతికి ఇంకా కట్టు ఉంది. ఒక్కడే వచ్చాడు, బస్సు దిగి నడిచి.

"అన్నా," అన్నాడు గుమ్మంలో నిలబడి. "నేను కొట్టలే. మా అమ్మ మీద ఒట్టు, నా దగ్గర కారం లేదు. నీ చేతులు లాగుదామని వంగిన."

కీపర్ గ్రైండర్ కింద పెట్టాడు. పక్కన ఉన్న మణికట్టంత లావు పైపు తీసుకున్నాడు. స్ట్రైకర్ కదలలేదు. కట్టు లేని చెయ్యి కూడా పైకి ఎత్తలేదు. "కొడితే కొట్టు అన్నా. ఈ చెయ్యి కూడా విరగ్గొట్టు. కానీ నేను కాదు," అన్నాడు.

ఆ తర్వాత ఏం జరిగిందని ఊళ్లో అడిగితే, నేను పులిలాగా దూకి ఆ పైపు పట్టుకున్నానని చెప్పాను. దూకలేదు. నేను గేటు వెనకాల ఉన్నాను, చాయ్ గ్లాసుతో సహా. పైపు పైకి లేచాక నా నోట్లోంచి మాట వచ్చింది.

"ఆ కారం నాది."

కీపర్ ఆగాడు. "ఏంది?"

"పడమటి గోలు ముందర నేనే పోసిన. వాళ్ల కీపర్ కోసం. టాస్ ఏస్తడని నాకు తెల్వదు."

అతను ముందు నవ్వబోయాడు. "నీ మాటలల్ల సగం తీసెయ్యాలె కాకా. వాడి మీద జాలిపడి చెప్తున్నవా?"

"రెండు తట్టలు. మా తాలు పొడి. పైన మట్టి చల్లిన. నువ్వు గ్లౌజులు ఏసుకునేటప్పుడు డ్రమ్ము కాడ నిలబడ్డది నేనే, చూసినవు గదా. నీకు చెప్పొచ్చు. చెప్పలే. పచ్చ పొట్లం లేదు."

పైపు కింద పడింది. అతను రెండు అడుగులు వేసి వచ్చి అరచేత్తో నన్ను కొట్టాడు. నేను గేటు మీద పడ్డాను. రెండు పళ్లు ఊడాయని అందరికీ చెప్పాను. ఒకటే ఊడింది, అదీ ముందు నుంచీ కదులుతున్నదే. ఆ స్ట్రైకరే నన్ను లేపి కూర్చోబెట్టాడు, ఒంటి చేత్తో.

కీపర్ చాలాసేపు తన అరచెయ్యి చూసుకున్నాడు. తర్వాత షట్టర్ సగం దించాడు.

"నడు," అన్నాడు.

"ఏడికి?"

"కమిటీ కాడికి. నాకు చెప్పింది వాళ్లకు చెప్పు. ఇదే మాటలల్ల చెప్పు, ఎక్కువ చెయ్యకు."

"జట్టు కిందికి వస్తది బిడ్డా. గడ్డి పోతది."

"నా గడ్డి నువ్వు ఎప్పుడో తీసేసినవు," అన్నాడు. "వీడిదన్నా వీడికి ఇయ్యి."

ముగ్గురం ఒకే ఆటోలో పోయాం. నేను కమిటీ ముందర నోట్లో గుడ్డ పెట్టుకుని చెప్పాను. రెండు తట్టలని చెప్పాను, నాలుగు అనలేదు. సారపాక జట్టు పైకి పోయింది. స్ట్రైకర్ మీద నిషేధం తీసేశారు, కానీ కట్టు విప్పేటప్పటికి పై లీగు సగం అయిపోయింది. మా ఊళ్లో నా స్కూటీని కాల్వలో పడేశారు. మా కిటికీల మీద రెండు వారాలు రాళ్లు పడ్డాయి. మా ఆవిడ ఒక్కో రాయీ ఏరి గుమ్మం పక్కన కుప్ప పోసింది. "ఉంచుకో," అన్నది. "నీ కప్పు ఇదే."

మళ్లీ మిరప కోత వచ్చింది. మళ్లీ లీగు మొదలైంది. జట్టుకు నేను పెద్దను కాను. గీత దగ్గరికి కూడా రానివ్వరు. కానీ ఆట ఉన్న ప్రతి ఆదివారం మధ్యాహ్నం కీపర్ మా ఇంటి ముందర హారన్ కొడతాడు. నేను చీపురు తీసుకుని అతని బండెక్కుతాను. పడమటి గోలు ముందరంతా నేనొక్కడినే ఊడవాలి. నాకు డెబ్బై దాటాయి. నడుము ఎత్తనివ్వదు. అతను గోలు కంబం దగ్గర మిరప బస్తా మీద కూర్చుంటాడు.

నేను అయిందన్నాక అతను లేచి వస్తాడు. గోలు ముందర మోకాళ్ల మీద కూర్చుని, అరచెయ్యి మట్టికి ఆనించి, ఆ చెయ్యి నాలుకకు తాకించుకుంటాడు. తెల్లమచ్చ ఉన్న కన్ను నా దిక్కు ఉంటుంది. చూస్తున్నాడో లేదో నాకు తెలియదు.

"మండుతుంది," అంటాడు. "మళ్ల ఊడ్వు."

నేను మళ్లీ మొదటి నుంచి ఊడుస్తాను.